ముప్పై సెంటీమీటర్ల మనిషి

"ఆదివారం గడియ ఎన్నింటికి పెట్టారు?"

"తొమ్మిదింటికండి."

"గడియారం చూశారా?"

"చర్చి గంట విన్నానండి. గంట కొట్టగానే గడియ పెట్టి, బోర్డు తగిలించి, సైకిలెక్కానండి."

ముసలయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. అబద్ధానికి కొంచెం ఊహ కావాలి. ఇరవై రెండేళ్ళుగా ఈ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అటెండరుగా రోజూ అదే పని అదే వేళకి చేసి చేసి, అతను ఊహించడం ఎప్పుడో మానేశాడు. ఇలాంటి సాక్షులంటే నాకు ప్రాణం.

బుధవారం మధ్యాహ్నం మూడుంపావు. సెలవులు కావడంతో కాలేజీలో మనిషి అలికిడి లేదు. వరండాలో బెంచీ మీద ముసలయ్య, అతని ఎదురుగా నేను. గోడకి ఆనుకుని సీఐ జానకిరామ్, ఇదంతా దండగ అన్నట్టు గోళ్ళు చూసుకుంటున్నాడు. అతని భుజానికి సీలు వేసిన ఖాకీ సంచి వేలాడుతోంది. అందులో ఉన్నవి, ఇక్కడ పరిశోధన చేస్తున్న ఆశాజ్యోతి బీరువాలోంచి సోమవారం స్వాధీనం చేసుకున్న డబ్బాలు.

"సంచి బరువుగా లేదా, కింద పెట్టకూడదూ?" అన్నాను.

"సాక్ష్యం నా చెయ్యి దాటి పోదు మాణిక్యం గారూ. మూడు రోజులుగా అన్నం తిన్నా, పడుకున్నా నా పక్కనే ఉంది. మీరు ప్రైవేటు డిటెక్టివులు, మీకు ఈ జాగ్రత్తలు అక్కర్లేదు."

ఈ మనిషికి నా మీద కోపం ఎందుకంటే, పోయినేడాది కొవ్వూరు కేసులో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని నేను రుజువు చేశాను. ఈ పనిలోకి రాకముందు పందొమ్మిదేళ్ళు నేను ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్ని. ఆ సంగతి అతనికి ఇంకా అరగడం లేదు.

ల్యాబులోంచి పోయింది సీజియం సోర్సు. చిటికెన వేలి చివరంత ఉంటుంది. దాన్నించి గామా కిరణాలు వస్తూనే ఉంటాయి. సీసపు కుండలో ఉన్నంతసేపూ ఎవరికీ ప్రమాదం లేదు. బయటికి వచ్చి మనిషి ఒంటి పక్కన రోజుల తరబడి ఉంటే మాత్రం ఆ ఒళ్ళు పాడవుతుంది. ఈ ల్యాబులో ఆ కిరణాన్ని పంచదార, కొవ్వు, అమైనో ఆమ్లాలు, అంటే మన ఒంట్లో ఉండే సరుకుల గుండా పంపి, లోపల ఎంత ఆగిపోయింది, అవతలికి ఎంత వచ్చింది లెక్కపెడతారు. మూడేళ్ళుగా ఆ లెక్క పెడుతున్నది ఆశాజ్యోతి. నరసాపురంలో లేసు అల్లి కూతుర్ని ఇంతదాకా చదివించిన దీనమ్మ కూతురు.

ఆదివారం ఉదయం సోర్సు బయటికి తీసినట్టు రిజిస్టరులో ఉన్న సంతకం ఆ పిల్ల ఒక్కదానిదే. దాన్ని పరికరంలో బిగించి, లెక్క దానంతటది నడిచేలా పెట్టి, చర్చికి వెళ్ళి, పన్నెండింటికి తిరిగొచ్చేసరికి సోర్సు లేదు. కంప్యూటర్లో ఆ రోజు ఫైలు కూడా లేదు. సాయంత్రం ఐదింటికి ఆమెని అరెస్టు చేస్తారు. వచ్చే సోమవారం యూనివర్సిటీ వాళ్ళు వచ్చి ఆమె కొలతలు కళ్ళారా చూడాల్సి ఉంది. అరెస్టయితే అదీ లేదు, ఆ పిల్ల చదువూ లేదు. దీనమ్మ నిన్న నా ఆఫీసుకి వచ్చి, "మా అమ్మాయికి దొంగతనం చేసే తీరిక కూడా లేదండి" అంది. అంత నమ్మదగిన మాట ఈమధ్య నేను వినలేదు.

జానకిరామ్ ఫోన్ మోగింది. "ఆఁ, సారికా. ఐదింటికల్లా వచ్చెయ్. ఆడపిల్ల కదా, నువ్వు లేకుండా జీపు ఎక్కించకూడదు. నేను కనబడకపోతే ప్రొఫెసర్ గారిని అడుగు. ఆయన ఎలా చెబితే అలా చెయ్యి." ఫోన్ పెట్టేసి నావైపు చూసి నవ్వాడు. "లేడీ కానిస్టేబుల్ అండి. మీకు ఇంకా గంటా ముప్పావు ఉంది."

ముసలయ్య వైపు తిరిగాను.

"బోర్డు ఉండగా ఆ తలుపు ఎవరైనా తీస్తారా?"

"ఎవరూ తియ్యరండి. తలుపు మీద ఎర్ర బల్బు వెలిగిందంటే లోపల కౌంటింగ్ మొదలైనట్టండి. నేను గడియ పెట్టి 'లోపలికి రావద్దు' బోర్డు తగిలించేస్తాను. ఓసారి ప్రిన్సిపాల్ గారే తియ్యబోతే పల్లంరాజు గారు అందరి ముందూ కేకలేశారండి. రూలు పెట్టింది ఆయనే."

"ఆయన తీస్తారా?"

ముసలయ్య ఆలోచించాడు. "ఆయన రూలు కదండీ. ఆయనిష్టం."

ఆశాజ్యోతి గైడు, ప్రొఫెసర్ పల్లంరాజు గారి గది తలుపు తెరుచుకుంది. ముందు బొజ్జ, తర్వాత ఆయన బయటికి వచ్చారు. "నా పేరు వినబడింది," అన్నారు నవ్వుతూ. "ఆదివారం నేను రాజమండ్రి నుంచి గోదారి వంతెన దాటి ఇటు రానేలేదండి. సీఐ గారికి చెప్పాను. అయినా అడగండి, తప్పులేదు."

"అడగడానికి ఏముందండి. ఆశాజ్యోతి బీరువాలో డబ్బాలు సంచిలో సర్దింది ఎవరు?"

"నేనే. సీఐ గారికి ఏ డబ్బాలో ఏముందో తెలియదుగా. సాయం చేశాను."

"మంచిపని చేశారు."

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను గొంతు తగ్గించాను.

"ముసలయ్య గారూ, సోర్సు పోయాక మీరు గదిలో లెక్క చూశారా?"

"రోజూ పొద్దున్నే చూస్తానండి. సోర్సు లేకుండా ఒక నిమిషం. ఊరికే గాల్లో, గోడల్లో ఉండేది కొంచెం వస్తుంది." జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు. "సోమవారం పన్నెండు. నిన్న పదకొండు. ఇవాళ పన్నెండండి."

అంటే సోర్సు ఈ పొద్దున ఆ గదిలో లేదు.

"ఆదివారం లెక్క కంప్యూటర్లో పోయిందిట. ఇంకెక్కడా లేదా?"

"ఎందుకు లేదండీ. కరెంటు పోతే కంప్యూటర్లో లెక్క గోదారిపాలవుతుంది కదా అని, బస్సులో టిక్కెట్టు కొట్టే మిషన్ లాంటిది వెనకాల తగిలించామండి. పది నిమిషాలకోసారి కాగితం మీద కొడుతుంది. శనివారం శనివారం రోలు మారుస్తాను."

"ఆ రోలు ఉందని ఎవరికి తెలుసు?"

"నాకూ ఆశమ్మకీనండి. పల్లంరాజు గారు లోపల కూర్చుని కౌంటింగ్ చేసి పదేళ్ళు దాటిందండి."

"ఆ సంగతి సోమవారమే చెప్పానండి," అంది వెనకనించి ఆశాజ్యోతి. సన్నగా, వెదురుపుల్లలా ఉంది. మూడు రోజులుగా నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. "కాగితాలు తర్వాత చూద్దాం అన్నారు సీఐ గారు."

"ఇప్పుడూ అదే అంటాను," అన్నాడు జానకిరామ్. అయినా నా వెంట బయల్దేరాడు. నన్ను ఒంటరిగా ఆ గదిలోకి పంపుతాడా?

మూడు నలభైకి లోపలికి వెళ్ళాం.

కాలేజీ కట్టకముందు అది బియ్యం గోదాము. రెండున్నర అడుగుల గోడలు, కిటికీ లేదు, ఇనుప తలుపు. వైర్ల కోసం గోడలో పిడికిలంత కన్నం, దానికి గుడ్డ కుక్కి ఉంది. లోపల అడుగు పెట్టగానే ఫోన్లో సిగ్నల్ పోయింది. నాకు ఇరుకు గదులు పడవు. ఎనిమిదేళ్ళప్పుడు ఆటలో గాదెలో దాక్కుంటే ఎవరో చూడక మూత వేశారు. ఆ చీకట్లో ధాన్యం దుమ్ము పీలుస్తూ గడిపిన గంట నేను ఇప్పటికీ పూర్తిగా దాటి రాలేదు.

గదికి ఈ చివర గోడకి సోర్సు బిగించే సీసపు దిమ్మ, మధ్యలో పదార్థం పెట్టే స్టాండు, ఆ చివర కౌంటర్. సోర్సు చోటు ఖాళీ. స్క్రూ దగ్గర తుప్పు గీరుకుపోయి ఇనుము మెరుస్తోంది. ఎవరో చాలాసేపు తంటాలు పడ్డారు.

"ప్రింటరు పనిచేస్తోందా చూద్దాం. కౌంటర్ వెయ్యి," అన్నాను.

ఆశాజ్యోతి స్విచ్ వేసింది. జానకిరామ్ సంచిని కౌంటర్ వైపున్న బల్ల మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. ముసలయ్య రోజూ పన్నెండు రాసుకునే చోట అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. వంద. అయిదు వందలు. రెండు వేలు. నిమిషం అయ్యేసరికి ఎనిమిది వేల నాలుగు వందలు.

ముగ్గురం ఆ అంకెల వైపే వంగాం.

"మేడమ్," అంది ఆశాజ్యోతి. "సోర్సు ఈ గదిలో ఉందండి."

ఆ మాటకి నా కాళ్ళు నన్ను అడగకుండానే తలుపు దగ్గరికి తీసుకెళ్ళాయి. తోశాను. కదల్లేదు. భుజం పెట్టి తోశాను. అప్పుడు అర్థమైంది. మేము కౌంటర్ వెయ్యగానే బయట ఎర్ర బల్బు వెలిగింది. ముసలయ్య గడియ పెట్టి, బోర్డు తగిలించి, కాలవ లాకు దగ్గర టీకొట్టుకి వెళ్ళిపోయి ఉంటాడు. లోపల ఎవరున్నారో అతనికి తెలుసు. తెలిసినా పెడతాడు. బల్బు వెలిగితే పెట్టాలి.

తలుపుకి వీపు ఆనించి, గాదె సంగతి ఆలోచించకుండా ఉండటానికి సంచి వైపు చూశాను.

"పొద్దున పన్నెండు. ఇప్పుడు ఎనిమిది వేలు. మధ్యలో ఈ గదిలోకి వచ్చింది మనం ముగ్గురం, ఆ సంచీ," అన్నాను. "జానకిరామ్, అది విప్పండి."

"సీలు తెంచడానికి వీల్లేదు. రేపు హైదరాబాద్ నుంచి మీటర్లతో మనుషులు వస్తారు. వాళ్ళ ముందే తెంచాలి."

"అయితే దాన్ని పట్టుకుని కౌంటర్ దగ్గరికి నడవండి."

"నన్ను ఆడిస్తున్నారా?"

"నడవండి."

నడిచాడు. అంకెలు రెట్టింపు వేగంతో పరుగెత్తాయి. వెనక్కి వచ్చాడు, నెమ్మదించాయి. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. మూడోసారి సంచి అతని చేతిలోంచి జారిపోయింది. అతను దాన్ని తియ్యలేదు. తన కుడి తొడ వైపు చూసుకున్నాడు, మూడు రోజులుగా ఆ సంచి ఆనుకున్న చోటు.

"మూల నిలబడండి ఇద్దరూ," అంది ఆశాజ్యోతి. పని దొరికింది ఆ పిల్లకి. సీసపు ఇటుకలు అడ్డం పేర్చి, జానకిరామ్ తలూపాక సీలు తెంచి, పొడుగు పట్టకారుతో ఒక్కో డబ్బా తీసి ఇటుకల అవతల పెట్టింది. ఆరు డబ్బాలు. నాలుగోదాన్ని కదిపినప్పుడు అంకెలు దానితోపాటు కదిలాయి. దాన్ని అలాగే సీసపు కుండలో దించి మూత బిగించింది. నిమిషం ఆగాం.

పన్నెండు.

ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. పట్టుమని పదినిమిషాలు కాలేదు, నాకు పదేళ్ళు గడిచినట్టుంది.

"ఏ డబ్బా అది?" అన్నాడు జానకిరామ్.

"గ్లైసిన్ అండి. అమైనో ఆమ్లం."

"డబ్బా మీద చీటీ ఎవరి చేతిరాత?"

ఆశాజ్యోతి తల దించుకుంది. "నాదేనండి."

జానకిరామ్ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. కన్నంలో గుడ్డ పీకి, నోరు పెట్టి గట్టిగా పిలిచాడు. రెండు నిమిషాలకి అడుగుల చప్పుడు.

"సీఐ గారా? లోపలున్నారా?" పల్లంరాజు గారి గొంతు.

"ముసలయ్య గడియ పెట్టేశాడండి. తియ్యండి. సోర్సు దొరికింది."

"దొరికిందా? మంచివార్త. ఒక్క నిమిషం." గడియ కదిలిన చప్పుడు. "లోపల ఇంకేం చేస్తున్నారండి?"

"ఈవిడ ఆదివారం రోలేదో చూస్తారట. మిషన్ వెనకాల కాగితం మీద లెక్క ఉందిట."

కదులుతున్న గడియ ఆగిపోయింది.

"బిగుసుకుపోయిందండి. కార్పెంటర్ని తీసుకొస్తాను," అన్నారు ఆయన. అడుగులు దూరమయ్యాయి.

రోజుకి నాలుగుసార్లు ముసలయ్య ఒంటిచేత్తో తీసే గడియ అది. ప్రింటరు వెనక డబ్బా తెరిచాను. రోలు చుట్టుకుని ఉంది. ఆదివారం దాకా విప్పుకుంటూ వెళ్ళాను.

"చూడండి జానకిరామ్. తొమ్మిదీ పది నుంచి పదీ ఇరవై దాకా, ప్రతి పది నిమిషాలకీ పద్దెనిమిది వేల నాలుగు వందలు, కొంచెం అటూ ఇటూ. పదీ ముప్పైకి పద్నాలుగు వందల ముప్పై ఒకటి. పదీ నలభైకి పద్నాలుగు వందల తొమ్మిది. పదీ యాభైకి నూట ఇరవై ఒకటి."

"అంటే పదీ నలభైకి తీసేసింది. చర్చి పది నిమిషాల దూరం. వెనక వరసలో కూర్చుని జారుకుంది. నేను చెప్పిందే కదా."

"మరి ఈ పద్నాలుగు వందలు ఏంటి?"

ఆశాజ్యోతి కాగితం మీదికి వంగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"సోర్సు ఉంది, కానీ ఏదో అడ్డం వచ్చిందండి. ఇరవై నిమిషాలు."

"ఏది అడ్డం వచ్చింది?"

"మనిషండి," అంది మెల్లగా. "సోర్సు వెనక గోడ. ముందునుంచి వంగి స్క్రూ తియ్యాలి. కడుపు సరిగ్గా కిరణానికి అడ్డం వస్తుంది. మేమైతే ముందు సీసపు మూత వేసి, తర్వాత తీస్తాం. అలా చేస్తే లెక్క ఒక్కసారిగా నూట ఇరవైకి పడిపోతుంది. ఇక్కడ మూత వెయ్యలేదు. రోజూ చేసేవాళ్ళు ఈ పొరపాటు చెయ్యరండి."

"ఎనిమిది సెంటీమీటర్ల నీళ్ళు ఈ కిరణాన్ని సగం ఆపుతాయి, అవునా?" అన్నాను.

"అవునండి."

రోలు చివర ఖాళీ కాగితం మీద రాశాను. పద్దెనిమిది వేల నాలుగు వందలు. ఎనిమిది సెంటీమీటర్లకి తొమ్మిది వేల రెండు వందలు. పదహారుకి నాలుగు వేల ఆరు వందలు. ఇరవై నాలుగుకి రెండు వేల మూడు వందలు. ముప్పై రెండుకి పదకొండు వందల యాభై. "మన పద్నాలుగు వందలు ముప్పై దగ్గర ఆగుతుంది. అమ్మాయ్, గోడకి ఆనుకుని నిలబడు."

స్కేలు పెట్టి కొలిచాను. వీపు నుంచి పొట్ట దాకా పదహారు సెంటీమీటర్లు. జానకిరామ్ని కూడా నిలబెట్టాను. గొణిగాడు, కానీ నిలబడ్డాడు. ఇరవై మూడు. ఊపిరి బిగబట్టాడని నా అనుమానం.

"మనిషి నీళ్ళు కాదు కదండీ," అన్నాడు. పోలీసు బుర్ర అంత తేలిగ్గా లొంగదు, ఆ మాత్రం గౌరవం నాకుంది. "కొవ్వు ఉంటుంది, కండ ఉంటుంది. కొవ్వు ఒక రకంగా ఆపుతుందేమో, పంచదార ఒక రకంగా ఆపుతుందేమో. ప్రొఫెసర్ గారే నాకు చెప్పారు, ఆయన కనిపెట్టింది అదేనట. ఈ కిరణంతో ఒంట్లో కొవ్వెంతో పంచదారెంతో విడివిడిగా చెప్పొచ్చని పేపరు రాశారట."

ఆశాజ్యోతి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు, అందులో సంతోషం లేదు.

"అది తప్పండి. బలం తక్కువ కిరణాలతో అయితే తేడాలు తెలుస్తాయి. ఈ సీజియం కిరణానికి పంచదారైనా, కొవ్వైనా, గ్లైసినైనా, నీళ్ళైనా గ్రాముకి గ్రాము దాదాపు ఒక్కటే. మూడేళ్ళు కొలిచాను. ప్రతిసారీ అదే వచ్చింది. సార్ పేపర్లో అంకెలు ఎప్పుడూ రాలేదు. సర్దమన్నారు. సర్దనన్నాను. సోమవారం యూనివర్సిటీ వాళ్ళ ముందు మళ్ళీ కొలవాలి. సోర్సు లేకపోతే కొలవడం ఉండదు."

ఏసీ గాలికి రోలు చివర రెపరెపలాడింది. నేను ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను. ఆయన పేపరు నిజమైతే ఈ రోలు పనికిరాని కాగితం. ఈ పిల్ల చెప్పింది నిజమైతే, సోర్సుకి అడ్డంగా నిలబడ్డ పొట్టని స్కేలు పెట్టి కొలిచినట్టు కొలవొచ్చు. ఏ లెక్క సర్దనందుకు ఆమె మీద దొంగతనం పడిందో, ఆ లెక్కే ఇప్పుడు ఆమెని బయట పడేస్తుంది. నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

"ముప్పై సెంటీమీటర్ల మనిషి," అన్నాడు జానకిరామ్ తనలో తాను. "బోర్డు ఉండగా గడియ తీసే మనిషి."

"సంచిలో డబ్బాలు సర్దిన మనిషి," అన్నాను.

నాలుగు ముప్పై అయిదైంది. కార్పెంటర్ రాలేదు. కన్నం దగ్గర బట్టల రాపిడి వినబడింది.

"జానకిరామ్ గారూ," గొంతు తాపీగా ఉంది. "ముసలయ్యని సామాను కోసం కొవ్వూరు పంపాను. మనమే ఉన్నాం. సోర్సు ఆ అమ్మాయి గ్లైసిన్ డబ్బాలో దొరికింది కదా. మీ కేసు మీకుంది, మంచి పేరు వస్తుంది. ఆ కాగితం చుట్ట ఒక్కటీ కన్నంలోంచి ఇలా తొయ్యండి. తలుపు తీస్తాను. మీరు తొందరగా డాక్టరుకి చూపించుకోవాలి, మూడు రోజులంటే మాటలు కాదు."

జానకిరామ్ కన్నం వైపు చూశాడు, తర్వాత నావైపు. "దొరికిందన్నాను. గ్లైసిన్ అని నేను చెప్పలేదు," అన్నాడు చాలా మెల్లగా.

అవతల చెప్పులు ఒకసారి నేలకి రాసుకున్నాయి.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నేను రోలు ఇచ్చేద్దామనే అనుకున్నాను. గోడలు దగ్గరికి జరుగుతున్నాయి. ముక్కులో ధాన్యం దుమ్ము వాసన. ఆ తలుపు తెరుచుకుంటే చాలు, కేసు గీసు తర్వాత. నోరు తెరిచానేమో కూడా. నా అవస్థ చూసి ఆశాజ్యోతి నా చేతిలోంచి రోలు తీసుకుంది.

"ఇచ్చేద్దాం మేడమ్. మీకు ఊపిరాడటం లేదు. లెక్కదేముంది, మళ్ళీ కొలుస్తాను."

"ఎక్కడ కొలుస్తావు, జైల్లోనా?" అన్నాడు జానకిరామ్.

లేచి వచ్చి ఆమె చేతిలోంచి రోలు తీసుకున్నాడు. తీసుకుని కన్నం వైపే నడిచాడు. మూడు రోజుల భయం, పోయినేడాది అవమానం, ఐదింటికి పూర్తయ్యే కేసు, అన్నీ ఆ కన్నం దగ్గరే ఉన్నాయి అతనికి. కన్నానికి నోరు దగ్గర పెట్టాడు.

"రాసుకోండి మాణిక్యం గారూ. సమయం నాలుగు నలభై ఒకటి. కౌంటింగ్ గదిలో ప్రింటరు నుంచి కాగితపు రోలు ఒకటి స్వాధీనం. సాక్షులు, మీరూ ఈ అమ్మాయీ." ప్రతి మాటా అవతలికి వినబడేలా చెప్పి, రోలు చొక్కా జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. "సాక్ష్యం నా చెయ్యి దాటి పోదు ప్రొఫెసర్ గారూ."

ఏదో బరువైనది గోడకి రాసుకుంటూ వచ్చి కన్నానికి అడ్డం పడింది. సీసపు ఇటుక. తర్వాత తలుపు దగ్గర చప్పుడు. బోర్డు ఉండగా ఆ గడియ ముట్టుకునే మనిషి ఒక్కడే అని ముసలయ్య చెప్పాడు. ఆ మనిషి గడియ ముట్టుకున్నాడు. తియ్యలేదు. తాళంకప్ప వేశాడు.

బయట మెయిన్ స్విచ్ దించిన చప్పుడు, కరెంటు పోయింది. ఏసీ ఆగింది. చీకట్లో నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆశాజ్యోతి చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది.

"భయపడకండి మేడమ్. ఇంకో పావుగంటలో ఐదవుతుంది. కానిస్టేబుల్ వస్తుందిగా."

అవును. అరెస్టు చెయ్యడానికి వచ్చే మనిషి కోసం ఎదురుచూడటం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఆ ఆలోచనకి నాకు కొంచెం ఊపిరి కూడా వచ్చింది. అవతలి మూల జానకిరామ్ బూట్లు మాత్రం అటూ ఇటూ తచ్చాడుతున్నాయి.

"ఏమయ్యా, సారిక టైముకి వస్తుందా?" అన్నాను.

"వస్తుందండి. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి."

"మరి ఇంకేం?"

చీకట్లో అతను చొక్కా జేబు గుండీ తడుముకున్న చప్పుడు వినబడింది.

"నేను కనబడకపోతే ప్రొఫెసర్ గారు ఎలా చెబితే అలా చెయ్యమన్నానండి," అన్నాడు.